‘కానీ’ అన్నవాళ్ళు

నమోదు 311. దుమ్ము: మామూలు.

ఏడో వరస నుంచి పన్నెండో వరస దాకా పలకలు తుడిచాం. బ్రష్షుల బండి ఒకటి మళ్ళీ మొరాయించింది. తన్నితే కదులుతుంది. తన్నకూడదని కంపెనీ వాళ్ళు చెప్పారు కాబట్టి తన్నలేదనే అనుకోండి.

ఈ నమోదులో సోలార్ పలకల సంగతి తప్ప ఇంకేమీ చెప్పకూడదట. నా మాటలు విని అక్షరాల్లో పెట్టే యంత్రానికి ఆ నియమం తెలియదు. చదవాల్సిన పెద్దలు చదవరు. వెనకటి మేస్త్రీ తన గేదె ఈనిన వైనమంతా ఇందులోనే చెప్పాడు, ఎవరూ కిక్కురుమనలేదు. ఇక నా ఇష్టం.

నా పేరు ఓబుళేశ్వరి. పెన్నా రాష్ట్రం ఎర్రగుట్ట సోలార్ పొలంలో మేస్త్రీని. నా భార్య కుళ్ళాయమ్మ ఇక్కడే బ్యాటరీల కొట్టులో పనిచేస్తుంది. ఊళ్ళో అందరూ దాన్ని కుళాయి అంటారు. కోస్తా నుంచి నీళ్ళ బండి వస్తే తప్ప గొంతు తడవని ఊరికి ఈ కుళాయి ఒక్కటే దిక్కని కొత్తవాళ్ళ దగ్గర నేనే పరాచికాలాడుతుంటాను. దానికి ఒళ్ళుమంట.

సాయంత్రం బిందెలతో నీళ్ళ కేంద్రానికి వెళ్ళేసరికి అక్కడి బోర్డు మీద కొత్త ప్రశ్న పడింది. అడిగే నెల వచ్చిందన్నమాట. ‘ఇద్దరు ఆడవాళ్ళు గానీ, ఇద్దరు మగవాళ్ళు గానీ చేసుకున్న పెళ్ళి మన రాష్ట్రంలో చెల్లాలా?’ ఇంటింటా గోడకి తగిలించిన మాట్లాడే యంత్రం, గోడచెవి, ఇదే అడుగుతుంది. జనం నోటికొచ్చిన మాటల్లో జవాబు చెప్పొచ్చు. వెనకటికి మీటలు ఉండేవట. మీటలైతే పిల్లలు ఆటకి నొక్కేస్తున్నారని తీసేశారు.

తుంగ రాష్ట్రంలో ఇలాంటి పెళ్ళి ఏనాడూ చెల్లలేదు. కోస్తా రాష్ట్రంలో ఎప్పుడో చెల్లిపోయింది, అక్కడ అడగడం కూడా మానేశారు. మధ్యలో మేము. మా పెళ్ళికి ఏటా పరీక్ష. నూటికి యాభై మంది సరేనంటే ఇంకో ఏడాది కాపురం, లేకపోతే లేదు. కిందటేడు అరవై ఒకటి వచ్చింది. ఈ ఏడు పెద్దగా బెంగ లేదు.

నమోదు 314. దుమ్ము: ఎక్కువ.

గాలికి మూడో వరస పూర్తిగా ఎర్రబడింది. తుడవడానికి సాయంత్రమైంది.

బోర్డు మీద నలభై నాలుగు అని ఉంది. కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాను, నలభై నాలుగే. నా వెనక వరసలో నిలబడినవాళ్ళు కూడా చూశారు. ‘అదేంది, తగ్గె?’ అని ఒకామె అంటే, ‘ఎవురో పనీపాటా లేనోళ్ళు చెప్పింటారులే’ అని ఇంకొకామె అంది. నా బిందె ఎత్తి తల మీద పెట్టింది కూడా ఆమే. ఈ మొహాల్లో ఎవరు కాదన్నారు? అప్పటినుంచి అందరినీ దొంగల్ని చూసినట్టు చూస్తున్నాను. ఇలా చూడడం నాకే రోతగా ఉంది.

పెళ్ళి చెల్లకపోతే ఏమవుతుందో చెప్పాలి. కోస్తా మాకు నీళ్ళిస్తుంది, మేము కోస్తాకి మనుషుల్నిస్తాం. అక్కడ సముద్రానికి అడ్డంగా కడుతున్న గోడ పనికి మా వైపు నుంచి ఒంటరివాళ్ళు పోవాలి, ఇంటికి ఒకరు చొప్పున, నాలుగేళ్ళు. పెళ్ళైనవాళ్ళ జోలికి రారు. పెళ్ళి కొట్టేస్తే మేమిద్దరం ఒకే కప్పు కింద ఉన్న ఇద్దరు ఒంటరివాళ్ళం. సోలార్ మేస్త్రీలని వదలరు కాబట్టి పోవాల్సింది కుళ్ళాయమ్మ. తమాషా ఏమిటంటే, మా పెళ్ళి చెల్లే రాష్ట్రానికి అది ఒంటరిదానిగా పోతుంది. వెంట నన్ను రానివ్వరు.

ఆ గోడ పని ఎలాంటిదో మాకు తెలియనిది కాదు. కుళ్ళాయమ్మ అన్న చెన్నప్ప భార్య చనిపోయాక ఒక విడత పోయి వచ్చాడు. ఉప్పునీళ్ళకి చేతులు పగిలి, మోకాలు చెడి తిరిగొచ్చాడు. ఒకసారి పోయినవాళ్ళని మళ్ళీ పిలవరు. పక్కిల్లే ఆయనది. వంట మాత్రం మా ఇంట్లోనే, ముగ్గురికీ రాగిముద్దలు కలిపే వండుతాం.

‘నేను పోతే అన్నకి ఎవురు చేసిపెడ్తారు? నీకేమో ముద్ద గెలికేది రాదు’ అంది కుళ్ళాయమ్మ ఈ సాయంత్రం. అది భయపడితే ఇలాగే మాట్లాడుతుంది.

నమోదు 318. దుమ్ము: మామూలు.

దొరికింది!

పొద్దున తిక్కమ్మత్త ఇంటికి ఎండుమిరపకాయల కోసం వెళ్ళాను. నాకు ఆమె చుట్టమేమీ కాదు, ఊరందరికీ అత్తే. ఆమె విస్తరాకులు కుడుతూ కూర్చుంది. నేను గడపలో ఉండగానే గోడచెవి మొదలెట్టింది. ముందు ఇంటిపేరు చెప్పమంది, అత్త చెప్పింది. తర్వాత ప్రశ్న. తిక్కమ్మత్త తలెత్తకుండా, ‘కానీప్పా’ అంది.

గోడచెవి, ‘మీ అభ్యంతరం నమోదైంది. ధన్యవాదాలు’ అంది.

‘జూస్తివా, ఎంత మర్యాదో! దండాలు గూడ పెడ్తాది’ అని తిక్కమ్మత్త మురిసిపోయింది.

‘అత్తా, నువ్వు కాదన్నావా?’

‘నేనెందుకంటానే? కానీ అంటి. జరగనీప్పా, పోనీ అని.’

నాకు నవ్వొచ్చింది, వెంటనే సంగతి తట్టింది. ఆ యంత్రాన్ని ఈ ఏడు మార్చారు. కొత్తదాన్ని కోస్తా నుంచి తెచ్చారు. వాళ్ళ పలుకులో పెరిగిన యంత్రం అది. ‘కానీ’ అనగానే ఆ తర్వాత ఏదో సణుగుడు వస్తుందని చెవి రిక్కించి కూర్చుంటుంది. మా వాళ్ళు ‘కానీ’ అన్నాక ఇంకేమీ అనరు. అంతటితో మాట అయిపోయినట్టే.

నీళ్ళ కేంద్రానికి పరుగెత్తాను. బోర్డు కింద చిన్న అక్షరాల్లో ఉంది, ఇన్నాళ్ళూ ఎవరు చదివారు కనక: ‘వ్యతిరేకులు ఎక్కువగా వాడిన మాట: కానీ’.

నమోదు 319. దుమ్ము: ఎవరికి కావాలి.

అభిప్రాయ కార్యాలయానికి ఫోన్ చేశాను. ఎవరో మంజులవాణి అట, కోస్తా మనిషి, గొంతు తీయగా ఉంది.

‘కానీ అంటే సందేహం కదండీ. ఆ తర్వాత వాక్యం పూర్తి చెయ్యలేదంటే మొహమాటపడ్డారని అర్థం. అంచేత వ్యతిరేకం కింద వేస్తుందండి’ అంది.

‘ఆ తర్వాత వాక్యం లేదమ్మా. అదే వాక్యం.’

‘ఒక్క మాట వాక్యం ఎలా అవుతుందండీ?’

‘మీ ఇంట్లో పిల్ల వచ్చి సినిమాకి పోతానంటే మీ ఆయన ఏమంటాడు?’

‘సరే, వెళ్ళు అంటారండి.’

‘మా వైపు అయితే కానీ అంటారు. పిల్ల పోతుంది. వ్యతిరేకం ఎక్కడుంది ఇందులో?’

పాపం ఆవిడ నిజంగానే కంగారుపడింది. పైవాళ్ళతో మాట్లాడి మధ్యాహ్నానికల్లా తిరిగి ఫోన్ చేసింది. ‘కానీ’ అన్న ఇళ్ళన్నిటినీ మళ్ళీ అడుగుతారు. ఈసారి సొంత మాటలు కుదరవు. ఇంటిపేరు చెప్పి, ఔను అనో కాదు అనో తేల్చాలి.

ఇంటికొచ్చి కుళ్ళాయమ్మని ఎత్తుకుని తిప్పబోయాను, బరువుకి ఇద్దరం మంచం మీద పడ్డాం. ఇంత సంతోషం ఈమధ్య నేనెరుగను.

నమోదు 322. దుమ్ము: మామూలు.

పని నా కింది కుర్రాళ్ళకి అప్పజెప్పి ఇల్లిల్లూ తిరిగాను. ‘కానీ అనొద్దు, ఔను అనండి’ అని చెప్పడమే కదా, ఎంతసేపు? మొదట తిక్కమ్మత్త దగ్గరికే వెళ్ళాను. ఆమె ఆకులు కుట్టడం ఆపింది.

‘ఔను అనల్లనా?’

‘ఔను అత్తా. ఒకటే మాట.’

‘కానీ అంటే చాలదా?’

‘దానికి అర్థం కాలేదట గదా.’

‘అది కాదే. కానీ అంటే మీరు చేసుకున్యారు, మీ ఇష్టం, నేనేం అనను అని. ఔను అంటే నేను చేపిచ్చినట్టు అయితాది. రేపు ఎవురన్నా అడిగితే నా మీదికొస్తాది.’

‘ఎవరడుగుతారు?’

‘ఎవురో ఒకరు’ అంది. మళ్ళీ కుట్టుకోవడం మొదలెట్టింది. మిరపకాయలు మాత్రం అడగకుండానే ఇంకో దోసెడు పోసింది.

తర్వాతి ఇంట్లోనూ అదే. ఇంకో ఇంట్లో కాఫీ ఇచ్చి అదే చెప్పారు. బడి పంతులు ఒక్కడు, ‘ఔను అంటా, నాకేం భయం’ అన్నాడు. నేను మలుపు తిరిగాక ఆయన భార్య ఆయన్ని కడిగిపారేయడం వినపడింది. ఇన్నేళ్ళూ మా ఊరు మా పక్షమే అనుకున్నాను. మా పక్షం కాదు, మాకు అడ్డం రాలేదు అంతే. ఆ రెండింటికీ మధ్య ఉన్న తేడా ఏమిటో ఈ రోజు కాళ్ళు నొప్పి పుట్టేలా తెలిసింది. యంత్రం తప్పు పట్టుకుని పెద్ద ఘనకార్యం చేశాననుకున్నాను. ఇప్పుడేమో దాన్ని అలా వదిలేసి, ‘కానీ’ని సరే కింద రాయమని పోట్లాడాల్సింది అనిపిస్తోంది. మళ్ళీ ఫోన్ చేశాను. ‘మీరే కదండీ స్పష్టంగా అడగమన్నారు’ అంది మంజులవాణి. నేను అలా అనలేదు. అయినా ఆమెతో వాదించి లాభం లేదు.

నమోదు 323. దుమ్ము: చూడలేదు.

సాయంత్రం చెన్నప్ప అన్నానికి వచ్చాడు. కుళ్ళాయమ్మ ముద్ద పెట్టి, పప్పు పోసి, అప్పుడు మాట ఎత్తింది.

‘అన్నా, గోడచెవి మళ్ళా అడుగుతాది. ఔను అని చెప్పల్ల.’

‘కానీ అంటి గదా మే.’

‘అది లెక్కలోకి రాలేదంట.’

‘రాకపోతే దాని కర్మ. నేనంటి గదా.’

నేను కలగజేసుకున్నాను. ‘ఈసారి ఔను అనన్నా. చెల్లెలి కోసం.’

ఆయన ముద్ద తుంచి చేతిలోనే పట్టుకున్నాడు. ‘మీ పెండ్లికి నేను అడ్డమొస్తినా? అక్షింతలు ఏస్తిని. ఊర్లో ఒకడు నోరెత్తలేదంటే నా మొగం జూసే గదా. ఇంగేం జెయ్యల్ల?’

‘అడ్డం రాకపోవడం వేరు, ఔననడం వేరు.’

‘అదే నేనూ చెప్తాండేది’ అన్నాడు.

మళ్ళీ ఆయనే అన్నాడు, నెమ్మదిగా: ‘ముందు ఇంటిపేరు జెప్పమంటాది. మా నాయనది, మా తాతది ఆ పేరు. అది జెప్పి, ఎంబడే ఔను అనల్లంటే నోరు రాదు ఓబుళమ్మా. నా నోరు నాకు రాదు.’

‘అయితే నీ చెల్లెల్ని ఉప్పునీళ్ళలోకి తోస్తావా? నీ చేతులు చూసుకో ఒకసారి!’

ఆయన నిజంగానే చేతులు చూసుకున్నాడు. నా కోపం అక్కడితో ఆగాల్సింది. ఆగలేదు. ‘రేపటి నుంచి నీ ఇంట్లోనే వండుకో’ అన్నాను. చెన్నప్ప ముద్ద కంచంలో పెట్టేసి, చెయ్యి కడుక్కుని, చెప్పులు వేసుకుని పోయాడు.

కుళ్ళాయమ్మ నాతో మాట్లాడడం లేదు. కంచం తీసి, ఆ అన్నం మూతపెట్టి, వాళ్ళన్న గడప ముందు పెట్టి వచ్చింది.

నమోదు 327. దుమ్ము: ఎక్కువ.

ఫలితం వచ్చింది. నలభై తొమ్మిది మీద కొంచెం.

చాలామంది ఔనన్నారు. నేను ఆశించనివాళ్ళు కూడా అన్నారు, వాళ్ళందరికీ దండం పెట్టాలి. కాదన్నవాళ్ళు కూడా మునుపటికంటే పెద్దగా పెరగలేదు. మిగతా వాళ్ళు గోడచెవి అడిగినంతసేపూ నోరు మెదపలేదు. మౌనాన్ని యంత్రం ఔను కింద వేయదు. చెన్నప్ప ఇంట్లో మూడుసార్లు అడిగిందట, మధ్య గోడ పలచన కాబట్టి కుళ్ళాయమ్మ వింది. ఆయన ఇంటిపేరు కూడా చెప్పలేదట. దగ్గాడట.

వచ్చే నెల మొదటి రోజు నుంచి మా పెళ్ళి చెల్లదు. రాష్ట్రంలో మాలాంటి జంటలు ఇంకా ఎన్నో ఉన్నాయి. వాళ్ళ ఊళ్ళలో కూడా అత్తలూ పంతుళ్ళూ ఉండే ఉంటారు.

నేను గోడచెవిని పీకి బయట పడేశాను. తర్వాత మళ్ళీ తగిలించాను, నీళ్ళ బండి వచ్చినప్పుడు పిలిచేది కూడా అదే.

నమోదు 335. దుమ్ము: తక్కువ.

ఈ రోజు కోస్తా బస్సు వచ్చింది.

కుళ్ళాయమ్మ పొద్దున్నే లేచి, తల స్నానం చేసి, నాకు ముద్ద ఎలా గెలకాలో చూపించింది. అడుగంటకుండా కర్ర ఎటు తిప్పాలో నా చెయ్యి పట్టి తిప్పించింది. నేను రెండుసార్లూ ఉండలు కట్టించాను. ‘నీతో కాదుపో’ అని ఏడ్చింది, నేనూ ఏడ్చాను. సంచీ భుజాన వేసుకుని బస్సు దగ్గరికి నడిచాం. ఊరంతా వచ్చింది. తిక్కమ్మత్త ఊరగాయ డబ్బా తెచ్చింది. ఎవరూ మా మొహం చూడలేదు.

బస్సు దిగిన అధికారి కుర్రవాడే, మర్యాదగానే ఉన్నాడు. రొమ్ము మీద ఒక వినే డబ్బా తగిలించుకున్నాడు. ‘కుళ్ళాయమ్మ గారంటే ఎవరండి? ఒంటరి అని ఉంది’ అన్నాడు.

అది చెయ్యి ఎత్తేలోపే వెనక నుంచి చెన్నప్ప వచ్చాడు. చంకలో చుట్టిన పరుపు, చేతిలో చెంబు. ఆ సాయంత్రం తర్వాత నేను ఆయన్ని అంత దగ్గరగా చూడడం ఇదే.

‘ఆ యమ్మ రాదు సామీ. దాని బదులు నేనొస్తా.’

‘మీరొకసారి వచ్చెళ్ళారు కదండీ. మిమ్మల్ని పిలవలేదే’ అన్నాడు అధికారి, ఆయన పగిలిన చేతులు చూసి.

‘పిలవకపోతే రాగూడదా?’

‘రావచ్చండి. బదులు వచ్చేవాళ్ళు కారణం చెప్పాలి. ఇందులో చెప్పండి’ అని డబ్బా చూపించాడు.

చెన్నప్ప వంగి, చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు గట్టిగా చెప్పాడు. ‘అది పెండ్లయిన మనిషి. కాపురం చేసుకుంటాండాది. కాపురం చేసుకునేదాన్ని ఎట్ల పంపుతాం?’

అధికారి జాబితా చూసుకుని, ‘ఇక్కడ పెళ్ళి లేదనే ఉందండి. సరే, భర్త పేరు చెప్పండి’ అన్నాడు.

‘ఓబుళేశ్వరి. అదో, ఆడ ఏడుస్తాండాదే, ఆ యమ్మ.’

‘అది ఆడవాళ్ళ పేరు కదండీ?’

‘ఔ. ఆడమనిషే.’

డబ్బాకి అది చాలలేదు. అదే గొంతు, మా ఇంటి గోడలో ఉండే గొంతే, ఇంటిపేరు చెప్పి ఔను అనో కాదు అనో అనమంది. ఊరు ఊరంతా చూస్తోంది. చెన్నప్ప పరుపు కింద పెట్టాడు. మోకాలు నొప్పికేమో, ఒక చెయ్యి బస్సుకి ఆనించాడు.

‘గుర్రాల చెన్నప్ప’ అన్నాడు. ‘ఔను.’

కుళ్ళాయమ్మ పరుగెత్తి ఆ పరుపు లాక్కుంది. ‘నువ్వు పోవద్దు, సచ్చిపోతావు, మోకాలు జూసుకో’ అని తిట్టింది, కొట్టింది కూడా. ఆయన పరుపు విడిపించుకున్నాడు. ‘పోమ్మే, పని జూసుకో పో’ అని బస్సెక్కాడు. తిక్కమ్మత్త ఊరగాయ డబ్బా కిటికీలోంచి ఆయన ఒళ్ళో పడేసింది.

నేను కిటికీ కిందికి వెళ్ళాను. క్షమించమని అడుగుదామని వెళ్ళి, ‘మోకాలికి నూనె పెట్టుకున్నావా?’ అన్నాను.

‘పెట్టుకున్న్యా. కుళాయి ఏడుస్తాది, జూస్తాండు’ అన్నాడు. బస్సు కదిలింది.

చట్టంలో ఏమీ మారలేదు. ఆయన ఔను అన్నది బస్సు లెక్కలో పడింది, అభిప్రాయాల లెక్కలో కాదు. ఈ రోజు నుంచి రాష్ట్రం దృష్టిలో నేనూ కుళ్ళాయమ్మా ఒకరికొకరం ఏమీ కాము. వచ్చే అడిగే నెలలో మళ్ళీ అడుగుతారు. అప్పటిదాకా ఇలాగే.

బస్సు పోయాక జనం వెంటనే కదల్లేదు. పంతులు భార్య వచ్చి కుళ్ళాయమ్మ సంచీ తీసుకుని మా ఇంటి వైపు నడిచింది. మధ్యాహ్నం పనికి పోయి తొమ్మిదో వరస తుడిచాను. బ్రష్షుల బండి మొరాయించింది. తన్నాను, రాసుకోండి. ఆయన్ని కంచం ముందు నుంచి లేపినదాన్ని నేను. ఆ తప్పుని ఏం చేసుకోవాలో నాకు తెలియడం లేదు.

సాయంత్రం ఇంటికొచ్చాను. కుళ్ళాయమ్మ పొయ్యి దగ్గర ఉంది. వాళ్ళన్న లేడు. ఈ రోజుకి ఇంతే చెప్పగలను.